కాలదోషం పట్టిన బాకీ

దినపత్రికల లోపలి పుటల్లో అచ్చయ్యే శ్రద్ధాంజలి ప్రకటనలు చదవడం నాకు చాలాకాలంగా ఉన్న అలవాటు. పొద్దున్నే ఇదేం పాడు అలవాటని ఇంట్లోవాళ్ళు విసుక్కుంటారు. నాకు మాత్రం ఆ చిన్న చిన్న గళ్ళలో ఒక ప్రత్యేకమైన భాష కనిపిస్తుంది. పైన ఫోటో, క్రింద జనన మరణ తేదీలు, వాటి క్రింద రెండు మూడు విశేషణాలు. ఉదార స్వభావులు, కుటుంబ వత్సలులు, స్నేహశీలురు, నిరాడంబరులు. ఒకప్పుడు "ఆశ్రిత పక్షపాతి" అన్న మాట కూడా పొగడ్తే. తనను ఆశ్రయించినవారి పక్షం వహించేవాడని దాని మంచి అర్థం. ఆ మాట రాజకీయాల్లోకి వెళ్ళి తిట్టుగా మారిన తరువాత కాబోలు, శ్రద్ధాంజలిలో చోటు పోగొట్టుకుంది. మిగిలినవి మాత్రం అరిగిపోయిన నాణేల్లా ఇంకా చెల్లుతూనే ఉన్నాయి.

ఈ విశేషణాల మీద నాకు ఫిర్యాదేమీ లేదు, మొన్నమొన్నటిదాకా. ఆ మధ్య మా పక్కింటి తమ్ముడు ఫోన్ చేసి, "అన్నయ్యా, నాన్నగారి సంవత్సరీకం దగ్గరికొస్తోంది. పేపర్లో వేయించడానికి నాలుగు ముక్కలు రాసిపెట్టు. నువ్వయితే బాగా రాస్తావు" అన్నాడు. సరేనన్నాను. రాయడానికి కూర్చున్నాను. "ఉదార స్వభావులు, కుటుంబ వత్సలులు" అని రాసి, ఆ రెండు మాటలకీ మధ్యనున్న కామా దగ్గర ఆగిపోయాను. ఆ రెండు గుణాలూ ఒకే మనిషిలో, ఒకే జీతంతో, ఒకే ఇంట్లో ఎలా పొసిగాయన్నది అప్పటిదాకా నేను ఆలోచించని సంగతి. ఇప్పుడు రాస్తున్నదంతా ఆ కామాను గురించే.

ఆయన పేరు చెప్పను. చెప్పినా మీకు తెలియదు. తెలిసేంత పేరున్న మనిషి కారు. మేము బాబాయిగారు అనేవాళ్ళం. మాకూ వాళ్ళకూ చుట్టరికం లేదు, ప్రహరీగోడ ఒక్కటే ఉమ్మడి. బందరు ఈడేపల్లిలో వాళ్ళది డాబా, మాది పెంకుటిల్లు. ఆ డాబా ఆయన కట్టించినది కాదు, తండ్రి కట్టించినది. ఆయన పోస్టాఫీసులో గుమాస్తాగా 1970లో చేరి, 2008లో పదవీ విరమణ చేశారు. 2024 నవంబరులో, డెబ్భయ్యారో ఏట, నిద్రలోనే పోయారు. జీవిత చరిత్ర అని రాయవలసి వస్తే ఇంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు.

ఇక చెప్పుకోవలసినవి. 1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన అంటే ఈనాటికీ మా ప్రాంతంలో పెద్దవాళ్ళ గొంతు మారుతుంది. బందరువాళ్ళకు ఉప్పెన భయం కొత్తది కాదు, 1864 నాటి ఉప్పెనలో ఊరు ఊరంతా తుడిచిపెట్టుకుపోయిన కథ మా ముత్తాతల నుంచి వస్తూనే ఉంది. ఆ రోజు సాయంత్రానికి గాలి హోరు హెచ్చింది. చీకటి పడేసరికి మా పెంకులు ఒక్కొక్కటే లేచిపోవడం మొదలుపెట్టాయి. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. బాబాయిగారు తలమీద గోనెసంచి కప్పుకుని వచ్చి, "వదినగారూ, సామాను సంగతి తరువాత, ముందు పిల్లల్ని ఇటివ్వండి" అని ప్రహరీ మీదుగా మమ్మల్ని అందుకున్నారు. ఆ రాత్రి ఆ మూడు గదుల డాబాలో ముప్ఫైమందికి పైగా ఉన్నాం. పిన్నిగారు కిరసనాయిలు స్టవ్వు మీద విడతలు విడతలుగా గంజి కాచారు. పాతిక గ్లాసులు లేవు గనుక ఒకరు త్రాగి ఇచ్చినదే కడిగి మరొకరికి. ఈ గంజి సంగతిని గుర్తుంచుకోండి, దీనితో తరువాత పని ఉంది.

దివిసీమలో అప్పుడు పోయినవారు పదివేలకు తక్కువ ఉండరు. హంసలదీవి, పాలకాయతిప్ప, సొర్లగొంది వంటి ఊళ్ళ పేర్లు మాకు ఆ వారంలోనే పరిచయమయ్యాయి. బాబాయిగారిని కొన్నాళ్ళు అవనిగడ్డ వైపు పనికి పంపారు. తిరిగి వచ్చిన తరువాత ఆయన చాలా రోజులు ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. ఎన్నో ఏళ్ళ తరువాత ఒకసారి మాత్రం అన్నారు: దూరదేశం పనికి వెళ్ళినవాళ్ళు ఇంటికి పంపిన మనియార్డర్లు వచ్చేవట. పుచ్చుకోవలసిన మనిషి లేడు, ఇల్లు లేదు, వీధి లేదు. "చిరునామాదారు మరణించినందున వాపసు" అని రాసి పంపాలి. "రోజుకు ఎన్నిసార్లు రాశానో లెక్కపెట్టడం మానేశానోయ్" అన్నారు. ఆయన ఔదార్యానికి మూలం అక్కడే ఉందని నేను అనను. అంతకు ముందు కూడా ఆయన అటువంటివారే. కాని ఆ తరువాత ఎవరైనా ఏదైనా అడిగితే కాదనడం ఆయన చేత కాలేదు, ఇది మా అమ్మ తరచు అనే మాట.

1983లో వాళ్ళింటికి టెలిఫోను వచ్చింది, ఏళ్ళ తరబడి వరుసలో నిరీక్షించగా. వీధి మొత్తానికీ అదొక్కటే. మీలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది, విజిటింగ్ కార్డుల మీద నంబరు ప్రక్కన బ్రాకెట్లో "పి.పి." అని వేయించుకునేవారు, ఆ నంబరు తనది కాదు, పక్కింటివాళ్ళదని చెప్పడానికి. బాబాయిగారి నంబరు కనీసం పదిమంది కార్డుల మీద పి.పి.గా ఉండేది. ఆయన్ను అడగకుండానే వేయించుకున్నవాళ్ళూ ఉన్నారు. ఎవరికి ఫోన్ వచ్చినా తమ్ముడు వీధి చివరిదాకా పరుగెత్తి పిలుచుకు రావాలి. వాడికప్పుడు పన్నెండేళ్ళు. పరీక్షలకు చదువుకుంటున్నా, అన్నం ముందు కూర్చున్నా, మిట్టమధ్యాహ్నం ఎండలోనైనా పరుగే. ట్రంకు కాల్ బుక్ చేసినవాళ్ళు లైను కలిసేదాకా వాళ్ళ ముందుగదిలోనే కూర్చునేవారు, ఒక్కొక్కప్పుడు అర్ధరాత్రి దాకా. కూర్చున్నవాళ్ళకు కాఫీ ఇవ్వకుండా ఉంటారా? బల్ల మీద ఒక డబ్బా ఉండేది, కాల్ చేసినవాళ్ళు చిల్లర వేయడానికి. అందులో నేనూ వేశాను, వేయకుండా కూడా వచ్చాను.

ఇలాంటి సంగతులు నలుగురం కలిసినప్పుడు చెప్పుకుంటే ఎవరో ఒకరు తప్పకుండా నిట్టూర్చి, "ఆ రోజులే వేరు" అంటారు. నా మటుకు నాకు ఆ నిట్టూర్పు మీద నమ్మకం లేదు. ఆ రోజులు వేరేమీ కావు. వీధికొక్క ఫోనుంటే వీధంతా ఆ ఇంటికి వెళ్ళక తప్పదు. చేతికొక్క ఫోనున్నప్పుడు ఎవరూ ఎవరింటికీ వెళ్ళరు. అది కరువు చేసిన పొత్తు, దానికి మంచితనమని పేరు పెట్టి మురిసిపోవడం సరికాదు. ఆ రోజుల్లోనే మా వీధిలో మరో ఇంట టెలివిజను ఉండేది. ఆదివారం రామాయణం వచ్చే వేళకు వాళ్ళు తలుపులు వేసుకునేవారు. కాలం ఒక్కటే, ఇళ్ళు రెండు. కనుక మంచితనం కాలానిది కాదు, ఆ ఇంటిది. "ఆ రోజులే వేరు" అనేస్తే ఆ ఇంటివాళ్ళు చేసినదంతా క్యాలెండరు ఖాతాలో జమపడిపోతుంది. మనకూ సుఖమే, ఈ రోజులు వేరు గనుక మనమేమీ చేయనక్కరలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. చెప్పడానికి సిగ్గుగా ఉన్న సంగతి కూడా ఇదే.

మా నాన్నగారు ఒక బట్టల కొట్లో లెక్కలు రాసేవారు. 1986 శ్రావణంలో మా అక్క పెళ్ళి. అందుకోసం ఒక చిట్టీ పాడుకున్నారు. ఇరవై వేల చిట్టీ, నలభైమంది సభ్యులు, నలభై నెలలు, నెలకు అయిదు వందలు. అందులో వచ్చే లాభం పోను కట్టేది కొంచెం తగ్గుతూ ఉండేది. చిట్టీ పాట తెలిసినవారికి చెప్పనక్కరలేదు, ముందుగా పాడుకున్నవాడు మిగిలిన నెలలన్నీ సక్రమంగా కడతాడన్న భరోసాకు కంపెనీవాళ్ళు జామీను అడుగుతారు. అదీ సర్కారు ఉద్యోగి జామీనే కావాలి, కట్టకపోతే జీతం జప్తు చేయించుకోవచ్చు గనుక. బట్టల కొట్టు గుమాస్తాకు తెలిసిన సర్కారు ఉద్యోగి ఎవరు? పక్కింట్లోనే ఉన్నారు. బాబాయిగారు కాగితాలు చదవకుండానే సంతకం పెట్టారని నాన్నగారు మురిసిపోతూ చెప్పడం నాకు బాగా గుర్తు.

1987 నవంబరులో నాన్నగారు పోయారు. గుండెపోటు. నేను కాకినాడలో ఇంజనీరింగు మూడో సంవత్సరంలో ఉన్నాను. దినకార్యాలు అయిన తరువాత అమ్మ చిట్టీ మాట ఎత్తింది. ఇంకా పద్ధెనిమిది వాయిదాలు ఉన్నాయి. బాబాయిగారు చాలా మామూలుగా, "వదినగారూ, సభ్యుడు పోతే మిగిలిన వాయిదాలు కంపెనీవాళ్ళే రద్దు చేస్తారు. కాగితాలన్నీ నేను సర్దేశాను. మీరు ఆ మాట మరిచిపొండి" అన్నారు. అమ్మ మరిచిపోయింది. 2009లో తాను పోయేదాకా ఆ కంపెనీవాళ్ళు ధర్మాత్ములనే నమ్మింది. నేనూ మరిచిపోయాను. కాని అమ్మ నమ్మకానికీ నా మరపుకూ తేడా ఉంది. అమ్మ నాలుగో తరగతి దాకా చదువుకున్న మనిషి. నేను ఇంజనీరింగు విద్యార్థిని. చావును చూసి బాకీ వదులుకునే వ్యాపారం లోకంలో ఎక్కడైనా ఉందా అని ఒక్క ప్రశ్న వేసుకుని ఉంటే చాలు. వేసుకోలేదు. తెలియక కాదు, తెలుసుకుంటే చదువు మానవలసి వస్తుందేమోనన్న భయం ఎక్కడో లోపల ఉండి ఉంటుంది. నమ్మడం ఎంత సౌకర్యంగా ఉంటే అంత తేలికగా నమ్ముతాం.

బాబాయిగారు పోయిన తరువాత ఆయన ట్రంకుపెట్టె సర్దుతుంటే తమ్ముడికి ఒక రబ్బరుబ్యాండు కట్ట దొరికింది. చిట్టీ రసీదులు, పదహారు. ప్రతి దాని మీదా సభ్యుడి పేరు మా నాన్నగారిది. తేదీలన్నీ ఆయన పోయిన తరువాతివి. మొత్తం 7,310 రూపాయలు. తమ్ముడు ఆ కట్ట తెచ్చి నా చేతిలో పెట్టి, "ఇవి మీవే అన్నయ్యా" అన్నాడు.

ఆ 7,310 అంటే ఎంతో ఈనాటివాళ్ళకు తెలియదు. నాలుగో వేతన సంఘం సిఫారసులు 1986 జనవరి నుంచి అమలయిన తరువాత కూడా ఆయన చేతికి వచ్చేది నెలకు పదహారు వందలకు మించదు. అందులో నెలనెలా నాలుగు వందల యాభై, అరవై. దాదాపు మూడో వంతు. ఆనాడు పది గ్రాముల బంగారం మూడు వేల చిల్లర.

చట్టం ఏమంటుందో చూద్దామని తరువాత పుస్తకం తిరగేశాను. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఇప్పటికీ అమలులో ఉన్నదే. అందులో 128వ సెక్షను ప్రకారం హామీదారు బాధ్యత అసలు అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. అంటే సంతకం పెట్టిన క్షణం నుంచి ఆ బాకీ ఆయనది కూడా. అదే చట్టం 145వ సెక్షను మరో సంగతి చెబుతుంది, హామీదారు న్యాయంగా కట్టినదంతా అసలు బాకీదారు నుంచి రాబట్టుకోవచ్చునని. ఆ హక్కును ఆయన ఒక అబద్ధంతో చేజేతులా చెరిపేసుకున్నారు. మూడేళ్ళు దాటితే కాలదోషం పడుతుంది. అంటే 1992 నాటికే, కోర్టు దృష్టిలో, మా కుటుంబం ఆయనకు ఒక్క పైసా కూడా బాకీ లేదు. (కాలదోషం పట్టిన బాకీని తీరుస్తానని రాసి సంతకం పెడితే అది చెల్లుతుందని 25వ సెక్షనులో ఒక వెసులుబాటు ఉంది. తండ్రి బాకీకి కొడుకు రాసినా చెల్లుతుందా అన్నది వకీళ్ళు తేల్చాలి. చట్టానికి కూడా మనసు మారేవాళ్ళ మీద కాస్త ఆశ ఉన్నట్టుంది.)

రసీదుల మీది తేదీలు చూస్తూ తమ్ముడు అన్న మాట ఒకటుంది. "1988లో నాకు ఎంసెట్లో ర్యాంకు వచ్చింది అన్నయ్యా. ఊళ్ళో కాదు, బయట కాలేజీలో సీటు. ఫీజు, హాస్టలు కలిపి లెక్క వేసి నాన్నగారు, ఈ సంవత్సరం కుదరదురా, వచ్చే ఏడు చూద్దాం అన్నారు. ఎందుకు కుదరదో చెప్పలేదు. నా మీద నమ్మకం లేక అనుకున్నాను, ముప్ఫై ఆరేళ్ళు." వాడు బందరులోనే బీయెస్సీ చదివాడు. చిన్న ఉద్యోగాలు చేశాడు. ఇప్పుడు బాగానే ఉన్నాడు, ఎవరికీ తీసిపోకుండా. కాని నేను ఇంజనీరునయ్యాను, వాడు కాలేదు. మధ్యలో ఉన్నది ఆ రబ్బరుబ్యాండు కట్ట. "మీ అందరికీ మా నాన్న దొరికాడు. మాకు మిగిలినది దొరికింది" అని కూడా అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఏదో ఒక జవాబు చెప్పేవాణ్ణి.

ఇక్కడ లోకంలో రెండు అభిప్రాయాలు సిద్ధంగా ఉంటాయి. ఒకటి, ఆయన దేవుడు అన్నది. రెండవది, ఆయన అమాయకుడు, తన్ను మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం అన్నది. రెండూ నాకు రుచించవు. దేవుడన్నవాళ్ళు లెక్క అడగరు. దేవుడి ఔదార్యానికి ఖర్చు ఉండదు గదా. పదహారు వందల జీతగాడి ఔదార్యానికి ఉంటుంది. ఆ ఖర్చు ఎక్కడ పడిందో చూడకుండా పొగడడం, విందు తిని వండినవాళ్ళను పలకరించకుండా రావడం వంటిది. ఆయనను పొగిడేవాళ్ళందరికంటె మొదటి బాకీదారును నేనే గనుక ఈ మాట అనే యోగ్యత నాకు కొంత ఉందనుకుంటాను. ఇక అమాయకుడన్న మాట మరీ అన్యాయం. అమాయకుడైతే అంత పకడ్బందీ అబద్ధం ఆడగలడా? కంపెనీ రద్దు చేసిందన్న ఆ ఒక్క మాటలో ఆయనకు లోకం గురించి, మా అమ్మ అభిమానం గురించి, నా చదువు గురించి ఎంత తెలుసో కనిపిస్తుంది. ఒక్కటే పొరపాటు. ఆ అబద్ధం మాతో ఆడినట్టే కొడుకుతో నిజం చెప్పలేకపోయారు. చెబితే కొడుకు మా ఇంటి వైపు మరో కంటితో చూస్తాడనుకుని ఉంటారు. చెప్పనందువల్ల వాడు తండ్రి వైపే అలా చూశాడు.

మన శాస్త్రాలు గృహస్థుకు విధించిన అయిదు యజ్ఞాలలో మనుష్యయజ్ఞం ఒకటి. ఇంటికి వచ్చినవాడికి పెట్టడం. ఆ యజ్ఞానికి కర్త మగవాడని పేరు. కాని పొయ్యి ముందు ఉండేది ఎవరు? దానం ధారపోసేటప్పుడు కూడా ప్రక్కన నిలబడి చెంబుతో నీళ్ళు పోసేది భార్యే. ఇందాక గంజి గుర్తుంచుకోమన్నాను. ఆ రాత్రి ముప్ఫైమందిని డాబాలోకి చేర్చింది బాబాయిగారు, కాచింది పిన్నిగారు. మేము నలభై ఏళ్ళుగా చెప్పుకుంటున్న కథలో ప్రహరీ దాటించిన చేతులున్నాయి, గ్లాసులు కడిగిన చేతులు లేవు. ఫోను బాబాయిగారిది, పరుగెత్తిన కాళ్ళు తమ్ముడివి. ఇంటి యజమాని ఉదారుడంటే ఇంటిల్లిపాదీ అడగకుండా ఆ ఔదార్యానికి హామీదారులయ్యారన్నమాట. వాళ్ళచేత ఎవరూ సంతకం పెట్టించుకోలేదు. ఈ ఆలోచన వచ్చిన తరువాత ఇక ఆ ప్రకటన రాయలేకపోయాను.

పోయిన ఆదివారం బందరు వెళ్ళాను. కవరులో కొంత డబ్బు పెట్టుకున్నాను. ఎంత పెట్టాలో తేల్చుకోలేక, ఆనాటి బంగారం, ఈనాటి బంగారం, బ్యాంకు వడ్డీ, రకరకాల లెక్కలు వేసి చివరికి ఒక పెద్ద మొత్తం పెట్టాను. ఇది తీర్చడం కాదని తెలుసు. అయినా వట్టి చేతులతో వెళ్ళబుద్ధి కాలేదు. తమ్ముడూ ఆ రోజు అక్కడే ఉన్నాడు. పిన్నిగారికి మోకాళ్ళ నొప్పులు. పడక్కుర్చీలో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్నారు. నేను విషయం చెప్పాను. చెబుతున్నంతసేపూ, అన్యాయం జరిగింది మీకూ, మీ పిల్లలకూ, మీకు తెలియకుండా మీ వాటా మేము తిన్నాం అన్న ధోరణిలోనే చెప్పాను. రాత్రంతా కూర్చి తెచ్చుకున్న మాటలు.

ఆవిడ చివరిదాకా విని, "ఎంతన్నావు?" అన్నారు.

"ఏడు వేల మూడు వందల పది, పిన్నిగారూ. రసీదులు పదహారు."

"పదహారు కాదు, పద్ధెనిమిది" అన్నారు. తమ్ముడిచేత బీరువా పై అరలోంచి ఒక పాత లెక్కల పుస్తకం తీయించారు. గోధుమరంగు అట్ట, పెన్సిలు రాత. 1988 పేజీలు తిప్పి చూపించారు. పాలు, కిరసనాయిలు, బియ్యం, వాటి నడుమ ప్రతి నెలా ఒక పంక్తి: "పక్కింటి చిట్టీ". పద్ధెనిమిది పంక్తులు, మొత్తం 8,290. "జులై, ఆగస్టు నెలల్లో మీ బాబాయిగారికి పచ్చకామెర్లు. మంచం దిగలేదు. ఆ రెండూ నేనే కోనేరు సెంటరు దాకా నడిచి వెళ్ళి కట్టాను. రసీదులు మీ బాబాయిగారి పెట్టెలో పెట్టలేదు, నా దగ్గరే ఎక్కడో ఉంటాయి" అన్నారు.

నేను రాత్రంతా కూర్చుకున్న మాటలు ఎక్కడికి పోయాయో తెలియదు. ఆవిడకు తెలియకుండా ఆవిడ వాటా ఇచ్చేశారని నేను జాలిపడుతున్నాను. ఆవిడేమో కామెర్ల మనిషిని ఇంట్లో పడుకోబెట్టి, నడిచివెళ్ళి కట్టివచ్చిన మనిషి. గ్లాసులు కడిగిన చేతులని నేను గొప్పగా కనిపెట్టినట్టు రాసుకున్నానే గాని, ఆ చేతులు డబ్బు కూడా లెక్కపెట్టి ఇచ్చి ఉంటాయని తోచలేదు. నా సానుభూతి కూడా ఒక రకంగా ఆ శ్రద్ధాంజలి ప్రకటనలాంటిదే.

తమ్ముడు పుస్తకం చేతిలో పట్టుకుని, "నీకు తెలుసా అమ్మా?" అన్నాడు.

"తెలియకపోవడమేమిట్రా, రాసింది నేనేగా."

"మరి నా సీటు?"

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. చిక్కుడు ఈనెలు ఒళ్ళోంచి దులుపుకున్నారు. "నీ సీటు సంగతి ఆ పుస్తకంలో లేదురా. అది ఎక్కడ రాసుకోవాలో మా ఇద్దరికీ తెలియలేదు" అన్నారు.

వాడు పుస్తకం బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు.

నేను కవరు తీశాను. ఆవిడ వద్దనలేదు. వద్దంటే ఎలా బ్రతిమాలాలా అని కొన్ని మాటలు సిద్ధం చేసుకున్నాను గాని, అవసరం పడలేదు. కళ్ళజోడు పెట్టుకుని, నోట్లు లెక్కపెట్టి, ఎనిమిది వేల మూడు వందలు తీసుకుని మిగతాది కవరుతో సహా నాకు ఇచ్చేశారు. లోపలికి వెళ్ళి పోపులపెట్టెలోంచి పదిరూపాయల నోటు తెచ్చి నా చేతిలో పెట్టారు. తరువాత ఆ పాత పుస్తకంలోనే, 1989 ఏప్రిల్ పంక్తి క్రింద, ఆ రోజు తేదీ వేసి "జమ 8,290" అని రాశారు. పేపరు ప్రకటన మాట అడిగితే, "ఫోటో వేయించు, పేరు వేయించు, క్రింద ఈడేపల్లి అని వేయించు. తెలిసినవాళ్ళకు తెలుస్తుంది" అన్నారు. అలాగే పంపాను.

లేవబోతూ, "మరి వడ్డీ, పిన్నిగారూ?" అన్నాను.

"అది నాకు రావలసింది కాదు నాయనా. వాణ్ణి అడుగు" అని వాకిలి వైపు చూపించారు.

వాకిట్లో తమ్ముడు స్కూటరు తుడుస్తున్నాడు. వెళ్ళి ప్రక్కన నిలబడ్డాను. మరో గుడ్డ కనిపిస్తే అందుకుని నేనూ రెండో వైపు తుడిచాను. ఇంకా అడగలేదు.